రెండంటే పడని మా మేనత్త

మా మేనత్తకి రెండు అనే అంకె పడదు. కొందరికి పిల్లులు పడవు, కొందరికి దుమ్ము పడదు, మా అత్తయ్యకి రెండు పడదు. ఒకటి ఉన్నచోట దానిలాంటిదే ఇంకోటి కనిపిస్తే చాలు, కళ్ళజోడు పైకి నెట్టి, ముక్కు చిట్లించి, "ఇదెందుకు?" అంటుంది. రెండు కళ్ళనీ రెండు చెవులనీ ఇన్నేళ్ళూ ఎలా భరించిందో నాకు అర్థం కాదు. ఆవిడని అడక్కుండా వచ్చినవి కాబట్టి సర్దుకుపోయి ఉంటుంది.

ఆవిడ ఇంట్లో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం, ఒక కప్పు, ఒక చెంచా ఉంటాయి. చుట్టాలొస్తే కాఫీ వరసలో తాగాలి. ముందు పెద్దవాళ్ళు తాగి, కప్పు కడిగి, తర్వాతివాళ్ళకి అందించాలి. చివరివాళ్ళ వంతు వచ్చేసరికి మొదట తాగినవాళ్ళకి మళ్ళీ తలనొప్పి మొదలవుతుంది. ఈ బాధ చూడలేక మా నాన్న, అంటే ఆవిడ తమ్ముడు, ఒకసారి అరడజను కప్పులు కొని పట్టుకెళ్ళాడు.

"అక్కా, పింగాణీవి. మంచి రకం."

"ఒకటి ఉందిగా."

"అది పగిలితే?"

"పగిలినప్పుడు కొంటాను."

"చుట్టాలొస్తే?"

"అందుకే కొనను."

నాన్న ఆ కప్పుల్ని అలాగే వెనక్కి తెచ్చాడు. ఇప్పటికీ మా ఇంట్లో వాటిలోనే కాఫీ తాగుతున్నాం.

మాట విషయంలోనూ ఇదే వరస. ఏదైనా ఒక్కసారే చెబుతుంది. వినపడకపోతే అది మన ఖర్మ. "ఏంటత్తయ్యా?" అని అడిగితే, "చెప్పానుగా" అంటుంది. ఫోనులో ఒక్కసారి హలో అంటుంది, అవతలివాళ్ళు ఆ క్షణంలో దగ్గితే అంతే సంగతులు. ఆవిడ వృక్షశాస్త్రం పాఠం చెప్పే రోజున విద్యార్థులు గాలి కూడా మెల్లిగా పీల్చేవారట. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒక పెద్దావిడ పనిగట్టుకుని అడిగితే, "ఇంట్లో ఇద్దరవుతారు" అందట. ఆ పెద్దావిడ మళ్ళీ వాళ్ళ గడప తొక్కలేదు. ఎలాగూ కాఫీ వంతు రావడం కష్టమే.

ఇలాంటి మనిషి తమ్ముడికి కవలలు పుట్టారు. ఒకే పోలిక, ఒకే గొంతు, ఒకే ఏడుపు. ఆసుపత్రికి వచ్చి ఉయ్యాల్లోకి తొంగిచూసి, అత్తయ్య కళ్ళజోడు పైకి నెట్టిందట.

"ఇందులో ఏది అసలు?" అందట.

"అదేం ప్రశ్న వదినా!" అని అమ్మ.

"ముందు ఏది వచ్చింది?"

అమ్మ పాపం అక్కని చూపించింది.

"అయితే ఇది నకలు."

ఆ 'ఇది' నేను. ఆ రోజు నుంచి నా పేరు నకలు. పుట్టినరోజుకి మా ఇద్దరికీ కలిపి ఒకే గౌను తెచ్చేది, దాన్ని అక్క తొడుక్కునేది, నేను పక్కన నిలబడేదాన్ని. బడికి ఫోను చేసి, "అసలుకి జ్వరం తగ్గిందా? నకలుకి అంటుకుందా?" అని అడిగేది. మా క్లాసు టీచరు ఇవి ఏవో కాగితాల సంగతులనుకుని భయపడి హెడ్మాస్టరుకి ఫోనిచ్చేవారు.

అంత పొదుపు సంసారంలో ఒక్కటి మాత్రం లెక్కకి మించి ఉండేది. వంటింటి గోడకి, సింకు పక్కన, ఒక గుడ్డసంచి వేలాడుతూ ఉండేది. దాని నిండా గిన్నెలు తోముకునే పీచు. పిడికిలంత గోధుమరంగు ఉండలు, ముడుచుకుపోయి, కరకరలాడుతూ, ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టి ఉండేవి. ఉన్నది ఒక కంచం, ఒక గిన్నె, దానికి సంచెడు పీచు! ఒకరోజు నా వంతు కంచంలో తిన్నాక, మర్యాదగా ఒక ఉండ తీసుకుని కంచం తోమడం మొదలుపెట్టాను. అత్తయ్య వంటింట్లోకి వచ్చి చూసి, నా చేతిలోంచి దాన్ని లాక్కున్న వేగానికి నా గోరు విరిగింది.

"దీని మీద మళ్ళీ చెయ్యి వేశావంటే ఇంట్లోకి రానివ్వను!"

"పీచేగా అత్తయ్యా, ఇంత పిసినారితనమా!"

"ఉత్త చేత్తో కడుక్కో. చేతులు రెండున్నాయిగా" అంది, అదేదో నేను చేసిన తప్పన్నట్టు. పిసినారితనానికి కూడా ఒక హద్దుంటుందని ఆ రోజంతా అక్కకి ఫోనులో చెప్పుకుని ఏడ్చాను.

ఈ తెగులు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు, ఒక మొక్క నుంచి అంటుకుంది. మా అత్తయ్య వృక్షశాస్త్రంలో పేరున్న మనిషి. ఒక పరిశోధనాలయంలో ఆవిడకో ల్యాబ్ ఉంది. కడుపు కూటికి వేరే దారి లేక నేనూ అందులోనే చేరాను. నాది కంప్యూటర్ పని కాబట్టి అక్కడ జరిగేదంతా తీరిగ్గా కూర్చుని ఈసడించుకునే అవకాశం నాకు బాగా ఉండేది.

భూమ్మీద మొక్కలు మొదట్లో నేలకి అతుక్కుని బతికేవి. నీళ్ళు పైకి తోడుకునే గొట్టాలు ఒంట్లో లేకపోతే తలెత్తుకునే యోగం ఎక్కడిది? తర్వాత ఒక వంశానికి ఆ గొట్టాలు ఏర్పడ్డాయి, వాటి గోడలు గట్టిపడ్డాయి, మొక్క లేచి నిలబడింది. ఇవాళ మనం చూసే చెట్టూ చేమా, గడ్డీ గాదం అంతా ఆ గొట్టాల వంశమే. అందులో మొదట్లోనే వేరుపడి తన దారి తను చూసుకున్న శాఖలోది మా అత్తయ్య మొక్క. పేరు సెలాజినెల్లా. చూడ్డానికి నాచులా ఉంటుంది గానీ నాచు కాదు. పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. బండల మీద పాకుతూ ఉంటుంది. దాని జీనోమ్, అంటే ఒళ్ళు ఎలా కట్టుకోవాలో కణంలో దాచుకున్న మొత్తం పాఠం, సుమారు పది కోట్ల అక్షరాలు. ఈ జాతి లెక్కల్లో అది చాలా చిన్న పుస్తకం. గొట్టాల మొక్కల్లో చాలావాటి పూర్వీకులు ఎప్పుడో ఒకప్పుడు తమ పాఠం మొత్తాన్నీ పొరపాటున రెండేసి ప్రతులు చేసుకుని ఆ బరువు మోస్తూ వచ్చాయి. సెలాజినెల్లాలో మాత్రం ఆ జాడ కనపడలేదు. ఆ సంగతి తెలిసిన రోజే మా అత్తయ్యకి గురుబోధ జరిగింది.

"పది కోట్ల అక్షరాల్లో గొట్టం కట్టింది, ఆకు వేసింది, వేరు దింపింది. మీకు ఒక సెలవు చీటీ రాయడానికి రెండు పేజీలు కావాలి" అనేది ల్యాబ్ లో అందరినీ. ఫెర్న్ మొక్కలంటే మరీ మంట. కొన్ని ఫెర్నుల జీనోమ్ సెలాజినెల్లా కంటే వందల రెట్లు పెద్దది. "పాత సామాన్ల కొట్టు. ఒక్కటీ పారేయదు, ఒక్కటీ వాడదు" అని, కారిడార్లో కుండీలో ఉన్న ఫెర్న్ ని దాటుకుంటూ గొణిగేది. ఆ ఫెర్న్ నిజంగానే కొంచెం తలవంచుకుని ఉండేది.

ఆవిడకి సరిజోడు మా డైరెక్టర్ గారు. ఆయనది గులాబీల మీద పరిశోధన అని పేరు, గులాబీల పక్కన ఫొటోలు దిగడం ఆయన అసలు వృత్తి. గులాబీకి ఎంత సువాసన ఉందో ఆయన కోటుకి అంతకంటే ఎక్కువ ఉండేది. ఒకసారి మీటింగులో ఆయన జాలిగా అన్నారు.

"మీ మొక్క మరీ వెనకబడిందండీ. మా గులాబీ చూడండి, ఎంత ముందుకెళ్ళిందో."

"ఎక్కడికెళ్ళింది?" అంది అత్తయ్య.

"అంటే, పరిణామంలో..."

"ఇవాళ పొద్దున మీ గులాబీ ఇక్కడే ఉంది, నా మొక్కా ఇక్కడే ఉంది. ఇద్దరూ ఒకే చోట బయల్దేరి ఇవాళ్టిదాకా నడిచొచ్చారు. ఎవరు వెనక?"

"అది కాదు మేడమ్, మీది పాతకాలం మొక్క. ఒక రకంగా మా గులాబీకి ముత్తాత."

"మీ చిన్నాన్న కొడుక్కి కోటు లేదనుకోండి. అంతమాత్రాన వాడు మీకు ముత్తాత అయిపోతాడా?"

గదిలో అందరూ దగ్గు నటించారు. డైరెక్టర్ గారికి నిజంగానే కోటు లేని చిన్నాన్న కొడుకు ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన మా ల్యాబ్ మీద కత్తి కట్టారు.

అలాంటి కొంపలోకి వచ్చింది టీచరమ్మ. ఇరవై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి, ఇద్దరు పిల్లల్ని కాలేజీలకి పంపి, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాక, ఉద్యోగం మానేసి పరిశోధన చేస్తానని బయల్దేరిన మనిషి. ఇంటర్వ్యూలో నేను పక్కనే ఉన్నాను.

"బడి ఉద్యోగం ఉండగా ఇదెందుకు?" అంది అత్తయ్య.

"ఎప్పట్నుంచో చదవాలని ఉంది మేడమ్."

"ఒక బతుకు చాలక రెండోది కావాల్సొచ్చిందా?"

టీచరమ్మ మొహం ఎర్రబడింది గానీ చూపు దించుకోలేదు. "మొదటిది పిల్లలకీ బడికీ సరిపోయింది మేడమ్" అంది.

అత్తయ్య కళ్ళజోడు పైకి నెట్టి, కిందకి దించి, "సోమవారం రా" అంది. నాకు మూర్ఛ వచ్చినంత పనైంది. అంతకు ముందు వచ్చిన బంగారు పతకాల పిల్లలందరినీ ముక్కు చిట్లించి పంపేసిన మనిషి మరి.

టీచరమ్మ ఎంచుకున్న విషయం ఇంకా విడ్డూరం. ఊరి చివర గుట్ట మీద బండసందుల్లో ఆవిడకో సెలాజినెల్లా దొరికింది. ఎండితే ముడుచుకుపోయి, నీళ్ళు తగిలితే మళ్ళీ విచ్చుకునే రకం. విచ్చుకునేటప్పుడు కొత్త వేర్లు వేస్తుంది. ఆ వేరు కొనల్లో ఏయే జన్యువులు మేలుకుంటున్నాయో చదివి, మిగతా మొక్కల వేర్లతో పోల్చి చూడాలని ఆవిడ ఆలోచన. సెలాజినెల్లా శాఖలో వేరు విడిగా పుట్టిందనీ, మిగతా గొట్టాల మొక్కల్లో ఇంకోసారి విడిగా పుట్టిందనీ, అయినా రెండుచోట్లా పనికి కుదిరింది చాలావరకు పాత మేస్త్రీలే, అంటే ఎప్పట్నుంచో ఉన్న జన్యువులేననీ ఆవిడ నమ్మకం.

"రెండుసార్లా!" అంది అత్తయ్య, ఎవరో కాలు తొక్కినట్టు. "వేరు ఒకసారి పుడితే చాలదా?"

"నేనేం చెయ్యను మేడమ్, పుట్టింది. పరీక్షలో రెండు వేరే గదుల్లో కూర్చున్న పిల్లలు ఒకే జవాబు రాసినట్టు."

"కాపీ కొట్టి ఉంటారు."

"కాపీ కొట్టినవాళ్ళ పేపర్లు ఇరవై ఏళ్ళు దిద్దాను మేడమ్. తప్పులు కూడా ఒకేలా ఉంటాయి. ఇక్కడ తప్పులు వేరు."

 ఆ రోజంతా అత్తయ్య, "రెండుసార్లట, రెండుసార్లు..." అని లోపల్లోపల తిట్టుకుంటూ తిరిగింది.

తర్వాత ఆ గుట్టని రోడ్డు కోసం పిండి చేసేశారు. గుట్టతో పాటు దాని మీది మొక్కలూ పోయాయి. ఇక మిగిలింది గాజు షెడ్డులో టీచరమ్మ పెంచుతున్న ఒక్క ట్రే. రెండో ట్రే వేసుకుంటానని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో.

"మేడమ్, కొమ్మ తుంచి ఇంకో ట్రేలో..."

"ఒకటి చాలు."

"ఏదన్నా అయితే?"

"కాకుండా చూసుకో. రెండోది ఉందంటే మొదటిదాన్ని ఎవరూ సరిగ్గా చూడరు."

టీచరమ్మ ఆ ట్రేని చంటిపిల్లలా సాకింది. ఆదివారాలు కూడా వచ్చి చూసుకునేది. నేను మాత్రం ఆ షెడ్డు గడప తొక్కలేదు. లోపల ఉక్క, పైగా చెప్పులకి మట్టి అంటుతుంది. టీచరమ్మ మొక్క జీనోములో ఏ అక్షరం ఎక్కడుందో నన్నడిగితే నిద్రలో లేపినా చెబుతాను. మొక్క మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. మా వృత్తిలో ఇది పరువు తక్కువేం కాదు, చాలామంది పెద్దలు ఇలాగే పనిచేసి రిటైరైపోయారు.

పని పూర్తయింది, థీసిస్ పంపింది. పరిశీలకుడు ఒక మెలిక పెట్టాడు. వేరు కొనల ఫలితం నమ్మశక్యంగా లేదు, అదే మొక్కని ఎండబెట్టి, మళ్ళీ లేపి, ఇంకోసారి చేసి చూపించమన్నాడు. ఇంకోసారి అన్న మాటకి అత్తయ్య రెండురోజులు అన్నం సరిగా తినలేదు. అయినా గడువులోపు చెయ్యక తప్పదు. చెయ్యకపోతే టీచరమ్మ సీటు రద్దు చేస్తానని డైరెక్టర్ గారు ముందే ముచ్చటపడుతున్నారు. బడిలో ఆవిడ స్థానంలో ఇంకొకావిడ ఎప్పుడో చేరిపోయింది. అటు తలుపు మూసుకుంది, ఇటు ఈ ఒక్క ట్రే ఉంది.

టీచరమ్మ ట్రేకి నీళ్ళు ఆపేసింది. మొక్క నెమ్మదిగా ఎండుతూ వచ్చింది. సరిగ్గా అప్పుడే పరిశోధనాలయం చూడ్డానికి పెద్దలెవరో వస్తున్నారని కబురొచ్చింది.

పెద్దలు వస్తున్నారంటే మా దగ్గర శాస్త్రం ఆగిపోయి సున్నం మొదలవుతుంది. గోడలకి సున్నం కొట్టారు, మరుగుదొడ్లకి తాళాలు వేశారు, చదివేవాళ్ళని ఎదురుగా కనపడొద్దన్నారు. డైరెక్టర్ గారు స్వయంగా గాజు షెడ్డులోకి వెళ్ళి, టీచరమ్మ ట్రే ముందు ఆగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "ఈ చచ్చిన మొక్కలు ఎవరికి చూపిద్దామని?" అని, ఆ ట్రే తీయించి, ఆ చోట గులాబీ కుండీలు పెట్టించారు. షెడ్డులోంచి తీసేసిన ఏ మొక్కనైనా ఆవిరి యంత్రంలో ఉడకబెట్టి పారేయాలన్నది మా నియమం. పరిశోధనాలయంలో ఎవరూ పాటించని నియమాలు చాలా ఉన్నాయి. దీన్ని మాత్రం ఆ రోజు తు.చ. తప్పకుండా పాటించారు.

టీచరమ్మ వచ్చేసరికి ఖాళీ ట్రే కడిగి బోర్లించి ఉంది. నేను వెళ్ళేసరికి ఆవిడ దాని పక్కన నిలబడి ఉంది. అరవలేదు, ఏడవలేదు. "ఎండబెట్టానండీ, చచ్చిపోలేదు" అని అక్కడ ఎవరూ లేకపోయినా చెబుతోంది.

డైరెక్టర్ గారి గదిలో పెద్ద రభస జరిగింది. నాకు జీవితంలో మొదటిసారి అత్తయ్య మీద నిజంగా అసహ్యం వేసింది.

"మీ నిర్లక్ష్యం మా మీద రుద్దకండి మేడమ్" అన్నారు డైరెక్టర్ గారు. "ఎక్కడైనా రెండో ప్రతి ఉంచుకుంటారు. ఒకటి చాలు, ఒకటి చాలు అని మీరే కదా పాట పాడింది! ఇప్పుడు పాపం ఈవిడ గతేంటి?"

ఆయన నోట మొట్టమొదటిసారి ఒక నిజం వచ్చింది, అదీ మాకు వ్యతిరేకంగా. నాకూ అదే అనాలనిపించింది. పరాయి మనిషి బతుకుతో నీ పిచ్చి లెక్కలేంటత్తయ్యా అని అరవాలనిపించింది.  అత్తయ్య ఆయన్ని వదిలేసి టీచరమ్మ వైపు తిరిగింది.

"సాయంత్రం ఇంటికి రా."

టీచరమ్మ వినలేదు. బల్ల మీది గులాబీల వైపు చూస్తూ, కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నేను కళ్ళు మూసుకున్నాను. వినపడకపోతే ఇక అంతే కదా.

"సాయంత్రం ఇంటికి రమ్మంటున్నాను" అంది అత్తయ్య.

 డైరెక్టర్ గారు కూడా నోరెళ్ళబెట్టారు. మా అత్తయ్య ఒకే మాటని రెండుసార్లు అంది. ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోనని నేను భయపడ్డాను.

సాయంత్రం టీచరమ్మని నేనే లాక్కెళ్ళాను. ఆవిడకి రావాలని లేదు. "ఓదారుస్తారేమో, నాకొద్దు" అంది దారిలో. "ఆవిడకి ఓదార్చడం రాదు, భయపడకండి" అన్నాను.

ఉన్న ఒక్క కుర్చీ టీచరమ్మకి ఇచ్చింది. నేను అలవాటుగా గోడకి చేరగిలబడ్డాను. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి, ఆ పీచు సంచి పట్టుకొచ్చి నేల మీద బోర్లించింది. గోధుమరంగు ఉండలు గలగలా దొర్లాయి. నాకు ఒళ్ళు మండింది. మనిషి కొంప మునిగితే ఈవిడ గిన్నెలు తోమిస్తుందా!

ఆవిడ వెతికి, నీలం దారం కట్టిన ఉండ ఒకటి తీసి, ఉన్న ఒక్క కంచంలో పెట్టి, చెంబుతో నీళ్ళు పోసి, టీచరమ్మ ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో."

టీచరమ్మ కంచంలోకి చూసింది. చూసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మేడమ్, ఇది నాది!"

"నీదే. మొదటి నెలలో కొమ్మ తుంచాను. అప్పట్నుంచి ప్రతి ఏడాదీ పచ్చగా చేసి, పెరిగాక మళ్ళీ ఎండగట్టి పెడుతున్నాను."

నాకు అప్పుడు వెలిగింది. కంచం తోమిన సీను, విరిగిన గోరు, అక్కకి ఫోనులో ఏడుపు అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

"అత్తయ్యా, అయితే ఆ రోజు నేను కంచం తోమింది..."

"నీకంటే ముందు చేరినవాడి మొక్కతో. మూడు కొమ్మలు విరిచావు. వాడి అదృష్టం, అంతకు ముందే డిగ్రీ వచ్చేసింది."

"దాని జీనోమ్ మొత్తం నేనే సరిచూశాను!"

"అందుకే గుర్తుపట్టలేదు" అంది అత్తయ్య.

ఒక్కో దారం ఒక్కో విద్యార్థిది. ఆవిడ దగ్గర తిట్లు తిన్న ప్రతి ఒక్కరి మొక్కకీ ఆ సంచిలో ఒక తోడు ఉంది. ఎవరికీ తెలియదు. అందరూ 'ఒకటే ఉంది, జాగ్రత్త' అని వణుకుతూ చదువుకుని, పట్టాలు పుచ్చుకుని, బయటికెళ్ళి ఆవిడని హాయిగా తిట్టుకుంటున్నారు.

"మరి ఒకటి చాలన్నావు! రెండంటే పడదన్నావు! పొద్దున ఆయన అన్ని మాటలంటుంటే నోరెందుకు మూసుకున్నావు?"

"ఈవిడ మొక్క ఇంకా ఉందని ఆయనకి చెబితే దీన్ని కూడా ఉడకబెడతాడు" అంది. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, తిడుతున్న గొంతుతోనే అంది. "పువ్వుల మొక్కల వంశం చూశావుగా. పాఠం రెండు ప్రతులైతే ఏమవుతుంది? ఒకటి పాత పని చేసుకుంటూ పోతుంది. రెండోదానికి పనుండదు. ఎక్కువసార్లు చెడిపోయి, పనికిరాకుండా పోతుంది. ఎప్పుడో ఒకటి ఊరికే తిరుగుతూ తిరుగుతూ ఎవరూ చెయ్యని పని నేర్చుకుంటుంది. గులాబీకి రేకులొచ్చింది అలాంటి నకళ్ళ వల్లే. ఆ సంగతి ఆ కోటు మనిషికి తెలీదు, చెప్పకు, నెత్తికెక్కుతుంది."

"మరి నన్ను పుట్టినప్పట్నుంచీ నకలు నకలు అని..."

"మీ అక్క మీ నాన్న కొట్టు చూసుకుంటోంది. నువ్వు ఊరికే తిరుగుతున్నావు. చెడిపోకముందే పట్టుకొచ్చి ల్యాబ్ లో పడేశాను. ఇంకా ఏం నేర్చుకున్నట్టు కనపడవు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు, సిగ్గులేకుండా సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ అక్క గౌను తొడుక్కుంటుంటే నిలబడి చూసినందుకు ఇప్పుడేదో బాకీ తీరినట్టుంది. టీచరమ్మ మాత్రం మమ్మల్ని వినడం లేదు. కంచంలో ఉండ బయటి అంచు మెల్లిగా విచ్చుకుంటోంది. ముడుచుకున్న కొమ్మ ఒకటి, పడుకున్నవాళ్ళు ఒళ్ళు విరుచుకున్నట్టు, వెనక్కి వాలింది. లోపల పచ్చదనం కనపడింది.

"లేచింది మేడమ్" అంది టీచరమ్మ. ఇందాకటి దాకా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"లేచింది, లేచింది" అంది అత్తయ్య. నేను రెండు వేళ్ళు చూపించి ఏదో అనబోయాను, ఆవిడ నావైపు చూసిన చూపుకి మానేశాను.

ఆ పూట ఎవరికీ భోజనం లేదు. కంచంలో మొక్క ఉంది మరి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. మొక్క ల్యాబ్ కి వెళ్ళకుండా అత్తయ్య కిటికీలోనే కోలుకుంది, అక్కడే వేర్లు వేసింది. వేరు కొనలు కోయడానికి టీచరమ్మ పరికరాల పెట్టె పట్టుకుని ఇంటికే వచ్చేది. ఫలితం మళ్ళీ అదే వచ్చింది, అవే పాత మేస్త్రీలు. పరిశీలకుడు ఒప్పుకున్నాడు, గడువులోపే పట్టా వచ్చింది. పెద్దలు చూసి మెచ్చుకున్న గులాబీలు ఆ వారంలోనే వాడిపోయాయి. డైరెక్టర్ గారు వాటికి నీళ్ళు పోయించి చాలారోజులు చూశారు. గులాబీలకి ఆ విద్య రాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు, నేనైతే అస్సలు చెప్పలేదు.

టీచరమ్మకి ఇప్పుడు మా ల్యాబ్ లోనే ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ళు రెండో ట్రే అడిగితే, "ఒకటి చాలు" అని మొహం మాడ్చుకుని చెబుతుంది. తర్వాత కత్తెర పట్టుకుని షెడ్డులోకి వెళుతుంది. సంచిలో కొత్త దారాలు చేరుతున్నాయి.

మొన్న ఆదివారం అత్తయ్య ఇంటికెళ్ళాను. కుర్చీలో టీచరమ్మ, మంచం మీద అత్తయ్య కూర్చుని, వేరు రెండుసార్లు పుట్టడం అవసరమా కాదా అని పోట్లాడుకుంటున్నారు. ఇద్దరి చేతుల్లోనూ కాఫీ ఉంది. ఇద్దరి చేతుల్లోనూ! నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అత్తయ్యా, ఈ ఇంట్లో రెండు కప్పులా!"

"టీచరమ్మ రోజూ వస్తుంది. కాఫీ చల్లారిపోతోంది" అంది, అదేదో శాస్త్రవిషయంలా.

"మరి నాకో?"

"కూర్చో, మేం తాగాక కడిగిస్తాను" అంది అత్తయ్య కళ్ళజోడు పైకి నెట్టి. "మూడోది ఎందుకు?"